రెండో గేరు

తైపింగ్
1998 ఫిబ్రవరి 20

అబాకీ, అమ్మకీ,

మీ కోడలు మస్తురా సలాములు. నేను బాగున్నాను. సముద్రం అవతల తవావులో మీ అమ్మాయి రొహాయా అక్క దగ్గర మీరిద్దరూ క్షేమమని తలుస్తాను.

మీరు వెళ్ళాక ఈ ఇంటికి వచ్చిన మొదటి పండగ ఇది. పండగ పొద్దున పెద్దవాళ్ళ చేతులు ముద్దాడి తప్పులు మన్నించమని అడగాలి కదా. ఇంట్లో ఎవరి చేతులూ లేవు. పక్కింటి మక్ లాంగ్ దగ్గరికి వెళ్ళి ఆవిడ చేతులు ముద్దాడి వచ్చాను. "మీ మామగారికి ఇంకా చెముడేనా?" అని అడిగింది. ఇంకా ఏమిటి, పెరిగింది అన్నాను. కోపం తెచ్చుకోకండి. పోయిన నెల ఫోన్‌లో నేను కారు సంగతి చెబుతుంటే మీరు మామిడికాయల సంగతి అడిగారు. అందుకే ఈ ఉత్తరం.

మన బుడ్డ కారుకి ఏదో అయింది, అబా. పొద్దున బయల్దేరి మొదటి గేరు నుంచి రెండో గేరుకి మారుద్దామంటే మొండికేస్తుంది. బలవంతం చేస్తే కర్రుమంటుంది. చెరువు రోడ్డు దాటి, నేను పనిచేసే బడి క్యాంటీన్ చేరే సమయానికి కాస్త దారికొస్తుంది. మళ్ళీ మర్నాడు అదే వరస. మెకానిక్‌కి చూపిస్తే మూత కూడా ఎత్తకుండానే, "గేరుపెట్టె పోయింది చెల్లీ, ఈ డొక్కు ఇంకెన్నాళ్ళు? అమ్మేసెయ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను కారెక్కి వచ్చేశాను.

జ్వరమొచ్చి మీ అబ్బాయి పోయి మూడేళ్ళయింది. ఆయన కూర్చున్న సీటు ముందుకు జరుపుకుని నడపడం నేర్చుకున్నాను గానీ, దాన్ని అమ్మడం మాత్రం నేర్చుకోలేను. నలభై ఏళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పినవారు మీరు. ఏం చెయ్యాలో చెప్పండి, నేనే చేస్తాను. మీ కొట్టం మీరు వదిలి వెళ్ళినట్టే ఉంది.

మీ కోడలు
మస్తురా


తవావు
మార్చి 9

అమ్మాయ్ మస్తురా,

దీవెనలు. నీ ఉత్తరం చదివి మీ అత్త, "చెముడు పెరిగిందని ఊరంతా చాటింపు వేసింది నీ కోడలు" అని సంబరపడింది. నాకు వినపడలేదు. పలకమీద రాసి చూపించింది.

మెకానిక్ అని చెప్పుకునే ఆ పెద్దమనిషికి నా సలాములు చెప్పకు. గేరుపెట్టె పోలేదు. పోయిన పెట్టె అన్ని గేర్లలోనూ ఏడుస్తుంది. ఒక్క రెండో గేరే, అదీ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే గొణుగుతోందంటే లోపల నూనె ముసలిదైపోయింది. ఇంజన్ నూనె అందరూ మారుస్తారు. గేరు నూనె సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంట్లో పెద్దకోడలి కష్టం లాంటిది అది. ఎవరూ చూడరు, అన్నీ దానిమీదే నడుస్తాయి.

కొట్టం తలుపు తియ్యి. ఎడమ గోడకి పైవరసలో పానాలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వేలాడుతుంటాయి. ఐదోది తీసుకో. జాకీ బల్ల కింద ఉంటుంది, దాని పక్కనే నాలుగు ఇనప ముక్కాలిపీటలు. కారును నాలుగు వైపులా లేపి ఆ పీటల మీద కూర్చోబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి దాని కిందికి దూరావంటే నా మీద ఒట్టే. గరాటూ గొట్టమూ కిటికీ పక్క మేకుకు ఉంటాయి. ఇదంతా రాస్తుంటే కళ్ళకు కడుతోంది. ఇక్కడ మా అల్లుడు హాలిం ఇంట్లో మేకు కొట్టిన గోడే లేదు. హాలిం చాలా మంచివాడు, అదే నా కష్టం. పోట్లాడటానికి కూడా ఏ వంకా దొరకదు.

గేరుపెట్టెకు రెండు మరలుంటాయి. అడుగునున్నది పాత నూనె దింపడానికి. పక్కన కాస్త ఎత్తులో ఉన్నది కొత్త నూనె పొయ్యడానికి. ముందు పైది విప్పు. అది వచ్చాకే కిందిది ముట్టుకో. మావాడు జమ్రీకి పదిహేడేళ్ళప్పుడు నేను చెప్పేది వినకుండా పక్కింటాయన కారుకి ముందు కిందిది విప్పి నూనెంతా దింపేశాడు. తరవాత చూస్తే పైది కదల్లేదు. దింపిన నూనె బేసిన్‌లో, కారు పీటల మీద, మావాడు కింద. ఆ పెద్దమనిషి వారం రోజులు సైకిల్ మీద తిరిగాడు, మా ఇంటి ముందునుంచే, బెల్లు కొట్టుకుంటూ.

నూనె డబ్బా మీద నాలుగు అంకె ఉండాలి. ఐదు అని ఉన్నది అంటగట్టబోతే తీసుకోకు, లోపలి ఇత్తడి రింగులకి పడదు.

ఇక్కడా వాన పడుతుంది. కాని మన ఊరి వానలా సాయంత్రమయ్యేసరికి పిలవని పేరంటానికి వచ్చినట్టు రాదు. ఆ వాసన ఎలా ఉంటుందో మరిచిపోతానేమోనని భయం.

ఇద్రిస్


తైపింగ్
ఏప్రిల్ 11

అబాకీ, అమ్మకీ సలాములు.

నూనె దొరికింది, నాలుగు అంకెదే. పోయిన శనివారం బడి సెలవని ధైర్యం చేశాను. మీరు చెప్పినట్టు కారును పీటల మీద కూర్చోబెట్టడానికే పొద్దంతా పట్టింది. కిందికి దూరి పైమరకి పానా తగిలించి లాగాను. అది నన్ను చూసి నవ్వింది. ఇంకా గట్టిగా లాగితే పానా జారి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయాయి.

అంతలో మన వాన వచ్చింది. బయటికి రాకుండా అక్కడే పడుకున్నాను. చుట్టూ రేకు మీద, ఆకుల మీద వాన. నేనొక్కదాన్నీ పొడిగా. ఆయన కూడా ఇక్కడే ఇలాగే పడుకుని చూసేవాడు కదా అనిపించింది. ఆయన చూసిన నట్లూ, ఆయన చూసిన మురికీ నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఏడ్చాను. కారు కింద ఏడవడంలో ఒక సుఖం ఉంది అబా, ఎవరూ అడగరు.

అడిగినవాడు ఒక్కడే. సాయంత్రాలు మోటారుసైకిల్ మీద రొట్టెలమ్మే సుహైమీ, మీకు గుర్తుండే ఉంటాడు. బండి ఆపి వంగి, "కింద ఎవరు? బతికే ఉన్నారా?" అని కేకేశాడు. బతికే ఉన్నాను, కొబ్బరి జాం రొట్టెలు రెండు అరుగు మీద పెట్టి వెళ్ళు అన్నాను. పెట్టి వెళ్ళాడు.

మర రాలేదు. మీరు చెప్పారని కిందిది ముట్టుకోలేదు. పక్కింటాయన సైకిల్ బెల్లు నాకూ వినపడింది. కారును మళ్ళీ కిందికి దించి, రోజూ ఆ కర్రు చప్పుడుతోనే పనికి వెళ్తున్నాను. అది కర్రుమన్నప్పుడల్లా నా పళ్ళు జివ్వుమంటున్నాయి.

మస్తురా


తవావు
మే 2

తల్లీ,

వేళ్ళకి పసుపు పెట్టావా? మీ అత్త అడగమంది. పానా అలా జారిందంటే తప్పు నీది కాదు, పైకి లాగావు. మరకి అటుపక్క నుంచి కిందికి నొక్కాలి, మనిషి బరువంతా పానా మీద పడేటట్టు.

తుప్పు నూనె చిన్న డబ్బా బల్ల సొరుగులో ఉంది. ముందురోజు సాయంత్రం మర చుట్టూ చిలకరించి వదిలెయ్యి. పొద్దున సుత్తితో మెల్లిగా తట్టు, నిద్రపోయేవాళ్ళని లేపినట్టు. పానా చివర ఇనప గొట్టం తొడుగు, పిడి పొడుగైతే బలం పెరుగుతుంది. అప్పుడు వస్తుంది. రాని మరంటూ లేదు, ఓపిక లేని మనిషుంటాడు గానీ.

నూనె దింపబోయే ముందు చెరువు దాకా వెళ్ళి రా. వేడెక్కితే నూనె పల్చబడి మురికితో సహా దిగుతుంది. కింది మర కొనకి అయస్కాంతం ఉంటుంది. దానికి బూడిదరంగు గుజ్జు అంటుకుని ఉంటే భయం లేదు, తుడిచెయ్యి. ఇనప పలుకులు కనిపిస్తే నాకు రాయి. ఆ తర్వాత పై కన్నంలోకి గొట్టం పెట్టి, ఇంజన్ పైనుంచి గరాటుతో పొయ్యాలి. కన్నం అంచు దాటి సన్నగా కారడం మొదలైతే నిండినట్టు.

ఆ రొట్టెలవాడు నాకు గుర్తే. మన వీధి మొత్తంలో నాకు వినపడేది వాడి హారన్ ఒక్కటే. రోజూ తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు సాయంత్రమైతే చెవులు దానికోసం చూస్తున్నాయి.

ఇంకో మాట. నేనూ, మీ అత్త సఫియా చాలా రోజులుగా అనుకుంటున్నాం. నువ్వొక్కదానివీ అక్కడ ఎందుకు? ఇక్కడ రొహాయా ఇంట్లో మేడమీద గది ఖాళీగా ఉంది, సముద్రం కనిపిస్తుంది. ఇక్కడి బళ్ళల్లోనూ క్యాంటీన్లున్నాయి. నేను వద్దామంటే గుండె డాక్టరు విమానం ఎక్కనివ్వడు. నువ్వే వచ్చెయ్. జమ్రీ పోయాక ఈ ప్రపంచంలో వాడి గురించి నేను మాట్లాడుకోగలిగింది నీతోనే. సఫియాతో మాట్లాడితే ఏడుస్తుంది. రొహాయా మాట మార్చేస్తుంది.

ఇద్రిస్


తైపింగ్
మే 30

అబా!

వచ్చింది! మర వచ్చింది! ముందు చిన్నగా కిర్రుమంది, తర్వాత అరటిపండు ఒలిచినట్టు తిరిగింది. మీరు చెప్పినట్టే కిందికి నొక్కాను. ఆ చప్పుడు మీకు వినిపించాలనిపించింది.

నిన్న చెరువు చుట్టూ తిరిగి వేడెక్కించి తెచ్చాను. కింది మర విప్పాను. పాత నూనె ఎంత నల్లగా ఉందో, పాడైపోయిన బెల్లం పాకంలాగా. వాసన చెప్పక్కర్లేదు, మీ పాత చొక్కాలన్నీ గుర్తొచ్చాయి. అయస్కాంతాన్ని పట్టుకుని చూశాను. గుజ్జే, పలుకులు లేవు. కిరోసిన్ గుడ్డతో తుడిచాను. కొత్త వాషర్ వేసి బిగించాను. తర్వాత గొట్టం పెట్టి నూనె పోశాం. తేనె రంగులో సన్నటి దారంలా పక్క కన్నంలోంచి కారడం మొదలైంది. ఆ దారం నా అరచేతిలో పడుతుంటే ఆపాలనిపించలేదు. ఆగాక మర బిగించి, కారు దించి, వీధి చివరి దాకా పోనిచ్చాను.

రెండో గేరు తనంతట తనే పడింది అబా. చెయ్యి ఊరికే ఆనించానంతే. గట్టిగా నవ్వాను, మక్ లాంగ్ బయటికొచ్చి చూసింది.

అమ్మకి చెప్పండి, వేళ్ళు మానిపోయాయి. రంబుటాన్ ఈసారి విరగకాసింది. గబ్బిలాలు తినగా మిగిలినవి కోస్తున్నాను.

మీ మస్తురా


తవావు
జూన్ 15

మస్తురా,

ఉత్తరం అందింది. కారు బాగుపడినందుకు సంతోషం.

నలభై ఏళ్ళు ఈ పని చేశాను. పైన పోసేవాళ్ళకి పక్క కన్నం కనపడదు. కింద అరచెయ్యి పట్టేవాళ్ళకి గరాటు అందదు. నూనె నీ అరచేతిలో పడుతుంటే పైన పోసిందెవరు?

ఉత్తరమంతా విప్పాను, తుడిచాను, బిగించాను అని రాశావు. ఒక్కచోట పోశాం అని రాశావు. మక్ లాంగ్‌కి గరాటు పట్టుకోవడం కూడా రాదు, పైగా బయటికొచ్చి చూసిందని నువ్వే రాశావు.

మేడమీద గది సంగతికి జవాబు లేదు. మరిచిపోయావేమో.

ఇద్రిస్


తైపింగ్
ఆగస్టు 23

అబాకి,

ఇన్నాళ్ళు రాయనందుకు నన్ను క్షమించండి. రోజూ రాశాను, రోజూ చింపాను.

పోసింది సుహైమీ.

ఆ రోజు వానలో రొట్టెలు పెట్టి వెళ్ళినవాడు మర్నాడు మళ్ళీ వచ్చి, "కారు కిందనుంచి బయటికొచ్చారా లేదా అని చూద్దామని" అన్నాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మీరు చెప్పిన మాటలు చదివి వినిపిస్తే, "మీ మామగారు చెప్పాక అందులో నేను వేలు పెట్టను, పొయ్యమంటే పోస్తాను" అన్నాడు. మర విప్పింది నేనే అబా, అది అబద్ధం కాదు. అతను పైన నిలబడి పోశాడు. నేను కింద "ఇంకా, ఇంకా" అంటున్నాను. చాలా రోజుల తర్వాత నేను చెప్పిన మాటకి పైనుంచి ఒక మనిషి "ఆఁ" అన్నాడు. అంతే జరిగింది. కాని నాకది అంతే కాదు. అందుకే మీకు రాయలేకపోయాను.

మనిషి మంచివాడు. మంచాన పడ్డ తల్లిని చివరిదాకా చూసుకున్నాడు, ఆ పనిలో పెళ్ళి వయసు దాటిపోయింది. మొహమాటస్థుడు. జవాబు చెప్పడానికి సిగ్గేస్తే హారన్ నొక్కుతాడు. జూలైలో వాళ్ళ అక్కని పంపి నన్ను అడిగించాడు. నాకు అమ్మానాన్నా లేరని ఆవిడకి తెలుసు. "మీ అన్నయ్య జోహోర్‌లో ఉన్నాడట కదా, ఆయనతో మాట్లాడమంటావా?" అంది. మా పెద్దవాళ్ళు తవావులో ఉన్నారు, వాళ్ళనడగాలి అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

మీ అబ్బాయి మిమ్మల్ని అబా అన్నాడు కాబట్టి నేనూ అబా అన్నాను. రేపు నేను ఆయన భార్యగా ఉండకపోతే మిమ్మల్ని ఏమని పిలవాలి? మనకి రక్తం లేదు. ఒక మనవడినైనా మీ చేతుల్లో పెట్టలేదు. జమ్రీ పేరు తప్ప మనల్ని కట్టి ఉంచేది ఏదీ లేదు. రాత్రుళ్ళు అదే ఆలోచన. ఆయన్ని మరిచిపోయానని మీరు అనుకుంటారేమోనని భయం. మరవలేదు. కారు కింద పడుకుంటే ఇప్పటికీ ఆయనే.

మీరు వద్దంటే ఆవిడకి వద్దనే చెబుతాను. మనసులో పెట్టుకోను. మేడమీద గదికి వచ్చేస్తాను.

మస్తురా


తవావు
సెప్టెంబరు 16

అమ్మాయీ,

నేను సఫియాని. మీ మామ రాయడు. కలం పట్టుకుంటాడు, పక్కన పెడతాడు, మూల కూర్చుని గోడకేసి చూస్తాడు. అందుకని నేనే రాస్తున్నా. నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఓపిక పట్టి చదువుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజు ముసలాయన అన్నం తినలా. మధ్యాహ్నం రేవు దాకా నడిచి వెళ్ళి పడవలు చూస్తా కూచున్నాడంట. మర్నాడు పొద్దున నేను గుడ్డలారేస్తా చూస్తును గదా, హాలిం కొత్త కారు నాలుగు పీటల మీద ఎక్కి కూచునుంది! ఎవర్నడిగి తెచ్చాడో ఆ పీటలు, పక్కనే ఒక నూనె డబ్బా. ఈయన కాళ్ళు మాత్రం బయటికున్నాయి. "ఏం చేస్తున్నావయ్యా, ఆ కారుకేం జబ్బు?" అని అరిచా. ఆయనకి వినపడదు గదా. కాలు పట్టి లాగా. తల బయటికి పెట్టి, "గరాటు పట్టుకుని పైన నిలబడు. నేను చాలన్నదాకా పొయ్యి" అన్నాడు.

నలభై ఐదేళ్ళ కాపరంలో నాకెప్పుడూ ఆ పని చెప్పలా. ఎప్పుడూ జమ్రీయే పోసేవాడు, చిన్నప్పుడు పీట వేసుకుని నిలబడి పోసేవాడు. సరే, పోశా. పోస్తన్నా, పోస్తన్నా, కిందనుంచి మాట లేదు. వంగి చూస్తే నిండిపోయి నూనె ఆయన భుజం మీద కారిపోతోంది. చొక్కా తడిసిపోయింది. అయినా చాలనడు. పైకి చూస్తా పడుకున్నాడు, కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. నేనూ ఆ సిమెంటు మీద కూలబడ్డా.

కాసేపటికి లోపల్నుంచే అన్నాడు. "నా కొట్టంలో, నా గరాటుతో, వాడు నిలబడే చోట ఇంకొకడు నిలబడ్డాడు సఫియా."

నేను దగ్గరికి దూరి చెవిలో చెప్పా. "నిలబడనీ. లేకపోతే ఆ పిల్ల పైన పోసి, కిందికి ఉరికి చూసుకుని, మళ్ళీ పైకి ఉరికి పోసుకుంటా ఉండాలా బతుకంతా? మన పిల్లాడు చూస్తుంటే ఒప్పుకుంటాడా?"

హాలిం రేవులో పని చూసుకుని వచ్చి, ఇది చూసి బిక్కచచ్చిపోయి, "అత్తా, నా కారు బాగానే ఉంది గదా?" అన్నాడు. "నీ కారు బాగానే ఉంది నాయనా, మీ మామే బాగాలేడు" అన్నా.

నా మాట అడుగుతావా? చేసుకో తల్లీ. నేను కన్నబిడ్డని పోగొట్టుకున్నదాన్ని, ఇంట్లో ఇంకో మనిషి ఎండిపోతుంటే చూడలేను. ఈయన సంగతి నాకొదిలెయ్. ఆయన కూడా రాని మరే, తుప్పు నూనె చిలకరించా. కాస్త నానాలి.

మీ అమ్మ
సఫియా


తవావు
అక్టోబరు 20

అమ్మాయ్ మస్తురా,

మీ అత్త ఏం రాసిందో చూపించలేదు. సగం కల్పించి ఉంటుంది. మిగతా సగం నిజమే అయ్యుంటుంది.

పోయిన శుక్రవారం నమాజు అయ్యాక మసీదు పక్క కాఫీ దుకాణంలో కూర్చున్నాను. ఇక్కడ నాకు నలుగురు నేస్తాలయ్యారు, అందరూ నాలాంటి ముసలివాళ్ళే. అందులో బూగిస్ జాతివాడు, పడవలు చేసే వడ్రంగి ఒకాయన ఏమిటి దిగాలుగా ఉన్నావని సైగ చేశాడు. నేను, "మా అమ్మాయికి సంబంధం వచ్చింది, ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నా" అన్నాను. ఆయన పలకమీద రాశాడు: "ఏ అమ్మాయి? రొహాయాకి పెళ్ళయిందిగా?"

"రెండోది. తైపింగ్‌లో ఉంటుంది" అన్నాను.

నోట్లోంచి అలాగే వచ్చింది. అన్నాక అందులో దిద్దాల్సింది ఏమీ కనిపించలేదు. నన్ను ఏమని పిలవాలని అడిగావు. ఇప్పటిదాకా ఎలా పిలిచావో అలాగే.

నాకు కష్టంగా లేదని అబద్ధం రాయను. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా, ఆ ఇంట్లో మావాడి మనిషి ఇంకా ఉంది, కాబట్టి మావాడు కూడా ఎంతో కొంత ఉన్నాడు అనుకునేవాణ్ణి. నిన్ను మేడమీద గదికి రమ్మన్నది కూడా నీ కోసం కాదు, వాడి కోసం. అది సఫియా నా చెవిలో చెప్పేదాకా నాకు తట్టలేదు.

సుహైమీ అక్కగారికి పెద్దవాడి హోదాలో వేరే ఉత్తరం రాసి ఇందులోనే పెట్టాను. మా అమ్మాయి తరపున మాకు సమ్మతమని, నిఖా అయిన తర్వాత మొదటి బక్రీదు పండక్కి దంపతులు తవావు రావాలని, అది షరతని రాశాను. నేను రాలేను కాబట్టి వాళ్ళే రావాలి. ఆ కారును ఏం చేస్తారో మీ ఇష్టం. నడిచినంత కాలం నడపండి.

అబా


తైపింగ్
1999 జనవరి 31

అబాకీ, అమ్మకీ,

మా ఇద్దరి సలాములు.

నిన్న నిఖా అయింది. జోహోర్ నుంచి అన్నయ్య వచ్చి దగ్గరుండి జరిపించాడు. మీరు అక్కగారికి రాసిన ఉత్తరం ఆవిడ అందరికీ చదివి వినిపించింది. "మా రెండో అమ్మాయి" అన్నచోట ఆగి మళ్ళీ చదివింది. ఆ తర్వాత కాసేపు నేను ముఖం ఎత్తలేదు.

ఖాజీగారు అడిగినప్పుడు సుహైమీ ఒకే ఊపిరిలో, గది చివర కూర్చున్నవాళ్ళకీ వినపడేటట్టు ఒప్పుకున్నానని చెప్పాడు. వాళ్ళ అక్క, "వీడికి ఇంత గొంతుందా? ఇన్నాళ్ళూ హారన్ ఎందుకు కొన్నట్టు?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూ తలుపు వైపు చూశాను, మీరిద్దరూ అక్కడ నిలబడి ఉంటే ఎంత బాగుండేదో.

సాయంత్రం ఇద్దరం జమ్రీ సమాధి దగ్గరికి వెళ్ళాం. అతనే వెళ్దామన్నాడు. గడ్డి పీకి, నీళ్ళు చల్లి, పూలు వేసి, చాలాసేపు ప్రార్థన చేశాడు. ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు.

మార్చి నెలాఖరు పండక్కి విమానం టిక్కెట్లు తీసుకున్నాం.

మస్తురా


తవావు
ఏప్రిల్ 6

అమ్మాయికీ, సుహైమీకీ,

క్షేమంగా చేరారని హాలిం చెప్పాడు. మీరు పెట్టి వెళ్ళిన రంబుటాన్ పచ్చడి అప్పుడే సగమైంది. మీ అమ్మ దాచిపెడుతోంది, నేను వెతుకుతున్నాను.

సుహైమీకి ఒక మాట చెప్పు. వచ్చిన మొదటి రోజంతా నేను అతనితో మాట్లాడకపోవడం కోపం వల్ల కాదు. విమానాశ్రయంలో అతను ఏదో చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి మావాడి నవ్వు ఎలా ఉండేదా అని గుర్తు తెచ్చుకోబోయాను. ముఖం వచ్చింది, పళ్ళు వచ్చాయి, చప్పుడు రాలేదు. అప్పుడు తెలిసింది, వాడు పోకముందు చాలా ఏళ్ళుగానే ఆ చప్పుడు నాకు వినపడటం లేదని. భయమేసింది. ఆ భయం తగ్గడానికి ఒక రోజు పట్టింది.

మూడోనాడు రేవులో అతను నా పక్కన కూర్చుని, ఏమీ మాట్లాడకుండా రొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టాడు చూశావా, అప్పటినుంచి బాగానే ఉంది. నాతో అరిచి మాట్లాడనివాళ్ళు తక్కువ.

మిమ్మల్ని విమానం ఎక్కించి ఇంటికొచ్చాం. అల్లుడూ కూతురూ ఏదో ఫలహారం కొని తెచ్చారు, ఎవరికీ ఆకలి లేదు. నాలుగేళ్ళుగా ఎదురుచూడటం నాకు బాగా అలవాటు. తలుపు చప్పుడైతే చూస్తాను, ఎవరూ ఉండరని తెలిసే చూస్తాను. ఆ రోజూ అలాగే కూర్చున్నాను గానీ ఏదో తేడాగా ఉంది. ఏమిటా అని చాలాసేపు ఆలోచించాను. ఈసారి చూస్తున్నది మళ్ళీ వచ్చేవాళ్ళ కోసం.

సాయంత్రం సఫియా భోజనాలకి పిలిచింది. వెళ్ళి చూస్తే మీ ఇద్దరికీ కూడా పళ్ళాలు పెట్టేసి ఉంది. నేను చూడటం చూసి నాలుక కరుచుకుని, "మతిమరుపు ముండని, పొరపాటున పెట్టేశా" అంటూ తియ్యబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"పొరపాటేం కాదు, కాస్త ముందుగా పెట్టావంతే. ఉండనీ" అన్నాను.

అబా